అడిగిన తర్వాత ఏం చేస్తాం?

మా అన్న కూతురు తిరుపతిలో రెండో తరగతి చదువుతోంది. ఈ ఏడాది వాళ్ల తరగతి గుమ్మం పక్కన ఒక చార్టు తగిలించారు. ఆకుపచ్చ, పసుపు, నీలం, ఎరుపు, నాలుగు రంగుల గళ్లు. పొద్దున రాగానే ప్రతి పిల్లా తన పేరున్న క్లిప్పును ఏదో ఒక గడిలో పెట్టాలి. ఆకుపచ్చంటే సంతోషం, పసుపంటే కంగారు, నీలమంటే దిగులు, ఎరుపంటే కోపం. పేరెంట్స్ మీటింగులో దీని గురించి ప్రిన్సిపాల్ చాలాసేపు చెప్పారట. పిల్లలు తమ మనసులో ఏముందో తామే గుర్తుపట్టడం నేర్చుకుంటారని, రేపు పెద్దయ్యాక అదే అక్కరకొస్తుందని. మా వదినకు నచ్చింది. వినగానే నాకూ నచ్చింది.

"నువ్వు రోజూ ఏ రంగులో పెడతావు బంగారూ?" అని పాపను అడిగాను.

"గ్రీన్‌లోనే అత్తా."

"రోజూ సంతోషంగానే ఉంటావా?"

"లేదు. రెడ్‌లో పెడితే మిస్ వెనక బెంచీలో కూర్చోబెడతాది. బ్లూలో పెడితే ఏమైంది, ఏమైంది అని అందరి ముందరా అడగతాది. గ్రీన్‌లో పెడితే ఏమీ అడగదు."

ఏడేళ్ల పిల్ల. ఆ చార్టు వల్ల తన మనసు సంగతి ఏం నేర్చుకుందో నాకు తెలియదు గానీ, టీచరు మనసును మాత్రం చక్కగా చదివేసింది. ఎవరినీ ఇబ్బంది పెట్టని రంగు ఏదో కనిపెట్టి, రోజూ అక్కడే దాక్కుంటోంది.

ఆ టీచరును తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. నలభై మంది పిల్లల ముందు నిలబడే ఉద్యోగం నాదీ అదే. చంద్రగిరి వైపు ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్లుగా చెబుతున్నాను. నేను చెప్పాలనుకున్నది ఒకటే. నీకెలా ఉంది అని పిల్లలను అడగడం చిన్న పని కాదు. అడిగామంటే మనం బాకీ పడ్డట్టే. వాళ్లు చెప్పింది వినాలి, విన్నాక మన వైపు నుంచి ఏదో ఒకటి కదలాలి. అది చేతకానప్పుడు అడగడం కన్నా అడగకపోవడమే నయమేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది.

శనివారం గొడవలు

మా బడిలో ఒక మూడో తరగతి పిల్లాడు ఉండేవాడు. వారమంతా మామూలుగా ఉండేవాడు, శనివారం వస్తే మాత్రం ఎవరినో ఒకరిని కొట్టేవాడు. పెన్సిల్ లాక్కున్నారనో, అన్నం వరుసలో ముందుకొచ్చారనో, కారణం ఎప్పుడూ చిన్నదే. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. మా వైపు బడుల్లో అలాంటి పిల్లలు ఏటా కొందరు ఉంటారు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆమె ఆ రోజే వీడియో కాల్ చేసేది. అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా. ఆమె పనులు ముగించుకుని ఫోన్ చేసేసరికి ఇక్కడ పది దాటేది.

వాడిని చెట్టు కిందికి తీసుకెళ్లి "కోపమొచ్చిందా?" అన్నాను. "లేదు టీచర్" అన్నాడు. "బాధగా ఉందా?" "లేదు." ఆ మాటలు తెలియని వయసేం కాదు, వాటిలో ఏదీ వాడికి సరిపోలేదు, అంతే. "మరి ఎట్లుంది?" అంటే చాలాసేపు కాలితో మట్టి గీకుతూ నిలబడి, "అమ్మ ఫోన్ పెట్టేసినాక కడుపులో ఏందో తిరగతా ఉంటాది టీచర్. పొద్దన్నే లేసినా అట్లే ఉంటాది" అన్నాడు.

పిల్లలకు ఉద్వేగం ముందు ఒంట్లోనే తెలుస్తుందని అంతకు ముందు చదివాను. కడుపు, గొంతు, అరచేతులు, చెవులు. కోపం, దిగులు, అసూయ అనే మాటలు తర్వాత, ఎవరో నేర్పితే వస్తాయి. మనం పెద్దవాళ్ల మాటలు నాలుగు ముందు పెట్టి ఏరుకోమంటే, పిల్లాడు తనకున్నదాన్ని వదిలేసి మనకు కావాల్సింది ఏరుకుంటాడు. అందుకే నేను బడిలో "ఎక్కడుంది?" అని అడుగుతాను. దానికి జవాబు చెప్పని పిల్లను ఇంతవరకు చూడలేదు.

తర్వాత వాళ్ల అవ్వతో మాట్లాడాను. ఆమె కూతురితో మాట్లాడింది. వీలైన వారాల్లో కాల్ సాయంత్రానికి మారింది, అది అయిపోయాక పిల్లాడు ఒంటరిగా చీకట్లో పడుకోకుండా అవ్వ దగ్గర కాసేపు కూర్చునేట్టు. శనివారం మొదటి పీరియడ్‌లో మొక్కలకు నీళ్లు పోయడానికి వాడిని నాతో పిలుచుకుపోయేదాన్ని. కొన్నిసార్లు మాట్లాడేవాడు, కొన్నిసార్లు బకెట్ మోసి ఊరుకునేవాడు. గొడవలు పూర్తిగా ఆగలేదు, తగ్గాయి. నాకు ముఖ్యమనిపించింది అది కాదు. వాడు నోరు తెరిచి చెప్పిన ఒక్క మాటకు ఇంట్లో ఫోన్ వేళ మారింది. చెబితే ఏదో ఒకటి జరుగుతుందని వాడు కళ్లారా చూశాడు. ఆ తర్వాత అడగకుండానే వచ్చి చెప్పడం మొదలుపెట్టాడు.

పేరు పెడితే తగ్గుతుందా?

ఇలాంటి చార్టుల వెనక అసలు పరిశోధనే లేదని అనను. 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్మన్ బృందం ఒక ప్రయోగం చేసింది. కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాల ఫోటోలు చూపించి, ఆ భావానికి సరిపడే మాటను ఎంచుకోమన్నారు. మాట ఎంచుకుంటున్నప్పుడు మెదడులో ముప్పుకు స్పందించే అమిగ్డాలా అనే భాగం జోరు తగ్గింది. ఉద్వేగానికి పేరు పెడితే అది కొంత లొంగుతుందనే మాటకు ఇప్పటికీ అందరూ ఎత్తిచూపే ఆధారాల్లో ఇదొకటి.

కానీ ఆ ప్రయోగంలో ఉన్నవాళ్లు పెద్దవాళ్లు. స్కానర్‌లో పడుకుని ఎవరివో ఫోటోలు చూశారు. వాళ్లలో ఎవరినీ క్లిప్పు ఎక్కడ పెట్టావని నలుగురి ముందు నిలదీయలేదు. పేరు పెట్టడం పనిచేస్తుందనే నా అనుభవం కూడా చెబుతుంది, అయితే ఆ పేరు వినే మనిషి మీద పిల్లకు నమ్మకం ఉన్నప్పుడే. నమ్మకం లేనిచోట అది ఇంకో హాజరు పట్టీ.

నేలను కొట్టే అవ్వ

మన ఇళ్లలో దీనికి పాత పద్ధతి ఒకటుంది. పిల్ల పరిగెత్తుతూ పడుతుంది. అవ్వ లేపి, "యాడ తగిలింది? ఈడనా?" అని మోకాలు రుద్దుతుంది. తర్వాత అరచేత్తో నేలను నాలుగు బాదుతుంది. "మా పాపను పడేస్తావా? ఉండు నీ పని చెప్తా!" పిల్ల ఏడుస్తూనే నవ్వుతుంది.

ఈ మధ్య పిల్లల పెంపకం గురించి మాట్లాడేవాళ్లంతా దీన్ని తిడుతున్నారు. తప్పు ఎప్పుడూ ఎదుటివాడిదే, నొప్పి పుడితే ఎవరినో కొట్టాలి అని నేర్పుతున్నామని. అందులో నిజం ఉంది. తరగతిలో గొడవైన ప్రతిసారీ "వాడే ముందు" అనే మాట వింటుంటే ఆ నేల దెబ్బలు నాకు గుర్తొస్తాయి. అయితే అవ్వ చేసిన రెండు పనుల్లో మొదటిదాన్ని ఎవరూ చూడటం లేదు. ఆమె ముందుగా దెబ్బ ఎక్కడో వెతికింది. నొప్పి ఉందని ఒప్పుకుంది. చదువుకున్న తల్లిదండ్రులు ఇప్పుడు చేసేది అంతకన్నా చెడ్డది. దూరం నుంచే "ఏం కాలేదు, లే లే" అంటారు. మోకాలి మీద రక్తం కారుతున్న పిల్లతో ఏం కాలేదంటే ఆ పిల్ల ఎవరిని నమ్మాలి? తన మోకాలినా, నాన్ననా?

రుద్దడం ఉంచుకుని, బాదడం మానేస్తే చాలు. ఇందుకోసం ఎవరి పుస్తకమూ చదవక్కర్లేదు.

ఫోన్ లేని చోట

పిల్లల ఏడుపును పెద్దవాళ్లు ఎలా తట్టుకుంటారో చూడాలంటే తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌ను మించిన చోటు లేదు. ఫోన్లు డిపాజిట్ చేసి వచ్చుంటారు. కంపార్ట్‌మెంట్ తలుపు ఎప్పుడు తీస్తారో తెలియదు. పాలు ఇస్తారు, అన్నప్రసాదం పెడతారు, అవి అయిపోయాక పిల్లలకు చేయడానికి ఏమీ ఉండదు.

ఒకసారి మా పక్కన నాలుగేళ్ల పిల్లాడు బయటికి పోదామని అందుకున్నాడు. వాళ్ల నాన్న ముందు బిస్కెట్టు ఇచ్చాడు. తర్వాత పోలీసాయన వస్తాడన్నాడు. తర్వాత స్వామి కళ్లు పోగొడతాడన్నాడు. చివరికి వీపు మీద ఒకటి పడింది. చుట్టూ ఉన్నవాళ్లం అందరం తలా ఒక సలహా ఇచ్చేవాళ్లమే. వాళ్లమ్మ ఏమీ అనకుండా పిల్లాడిని ఒళ్లో వేసుకుంది. వాడు కాళ్లతో తన్నాడు, ఆమె పైట లాగాడు. ఆమె ఆ కాళ్లు పట్టుకుని "తన్నొద్దు" అని మాత్రం అంది, ఏడవొద్దు అనలేదు. కాసేపటికి అరుపు వెక్కిళ్లకు దిగింది. తర్వాత ఆమె మెడ పట్టుకుని నిద్రపోయాడు.

పిల్లల మొండి ఏడుపు మీద మైఖేల్ పోటెగల్, రిచర్డ్ డేవిడ్సన్ 2003లో ప్రచురించిన పరిశోధన ఉంది. ఏడాదిన్నర నుంచి ఐదేళ్ల లోపు పిల్లల ఏడుపులను నిమిషాల వారీగా పరిశీలించారు. కోపం మొదట్లోనే భగ్గుమని లేచి తగ్గిపోతుంది. దిగులు మాత్రం ఏడుపు పొడవునా ఉంటుంది, చివరికొచ్చేసరికి పిల్లలు దగ్గరికి తీసుకునే మనిషి కోసం చూస్తారు. నాలుగింట మూడొంతుల ఏడుపులు ఐదు నిమిషాల్లోపే ముగిశాయి. ఆ తల్లికి ఈ లెక్క తెలిసి ఉండదు. తెలియకుండానే కోపం గడిచేదాకా ఆగింది, దిగులు వచ్చేసరికి అక్కడే ఉంది. తండ్రి మొత్తం తంతునూ కోపమే అనుకున్నాడు.

ఆ తండ్రి చెడ్డవాడని నేననుకోను. పిల్లాడి ఏడుపు కన్నా నలుగురి చూపులు ఆయన్ను ఎక్కువ బాధపెట్టాయి. మనం పిల్లల మీద చేసే చాలా పనులు పక్కవాళ్ల కోసం చేసేవే. ఇంట్లో అయితే ఆ పని ఫోన్ చేస్తుంది. మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నీ రాడెస్కీ బృందం 2022లో ఇదే సంగతి పరిశీలించింది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను ఊరుకోబెట్టడానికి తరచుగా ఫోన్ ఇచ్చే ఇళ్లలో, ముఖ్యంగా మగపిల్లల్లో, చిన్నదానికే రెచ్చిపోయే గుణం ఎక్కువ కనిపించింది. అల్లరి ఎక్కువున్న పిల్లలకే ఫోన్ ఎక్కువ దొరుకుతుంది కాబట్టి ఏది ముందు, ఏది వెనక అని తేల్చడం తేలిక కాదు. పొద్దున ఆటో తీస్తే రాత్రికి ఇల్లు చేరే మనిషిని, ఐదు నిమిషాలు ఓపిక పట్టలేవా అని అడగడం నాకు కష్టమే. అయినా అడుగుతాను. ఐదు నిమిషాలే కదా.

గంగమ్మ కోపానికి దణ్ణం పెట్టే ఊళ్లో

మా ఊరికి కోపం కొత్త కాదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే వారమంతా బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అంటూ చిన్నాపెద్దా ముఖాలకు నామం సుద్ద, కుంకుమ, మసి పూసుకుని వీధుల్లో తిరుగుతారు. వేషం వేసినవాళ్లు తిడితే ఎవరూ తప్పు పట్టరు, అది మొక్కు. ఆడవాళ్ల మీద ఆగడాలు చేసిన పాలెగాడిని వేషాలు మార్చుకుంటూ వెతికి చంపిన దేవత కథ అది. ఒక ఊరు ఊరంతా ఆడదాని కోపం న్యాయమైనదని ఒప్పుకుని దణ్ణం పెట్టడం నాకు ఎప్పుడూ గొప్పగా ఉంటుంది.

మరి అదే వీధిలో పదేళ్ల ఆడపిల్ల, అన్నకు పెట్టినన్ని ముక్కలు తనకెందుకు పెట్టలేదని గొంతు పెంచితే? "ఆడపిల్లవి, గమ్మునుండు." అన్న ఏడిస్తే? "మగపిల్లోడివి, ఏడస్తావా?" ఒకరికి కోపం లేదు, ఒకరికి కన్నీళ్లు లేవు. 1990ల్లో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ చేసిన ప్రయోగాల్లో, అసహ్యమో దుఃఖమో పుట్టించే సినిమా ముక్కలు చూపించి ముఖంలో ఏమీ కనబడనీయకండి అని కొందరికి చెప్పారు. ముఖంలో కనబడలేదు. లోపలి బాధ తగ్గనూ లేదు. ఒంట్లో గుండె, రక్తనాళాల మీద ఒత్తిడి మాత్రం పెరిగింది. గమ్మునున్న పిల్లలను చూసి మనం బుద్ధిమంతులంటాం.

ఆ ఆడపిల్ల కోపంలో ఒక వార్త ఉంది. పళ్లెంలో తేడా ఉంది అని. ఆమెకు గాలి పీల్చి వదలడం నేర్పితే కోపం తగ్గవచ్చు, తేడా అలాగే ఉంటుంది. పిల్లలకు ఉద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పాలని అనేవాళ్లందరితో నా పేచీ ఇక్కడే. అదుపు కావాలి, కాదనను. కోపమొచ్చినా చెయ్యెత్తకూడదు, వస్తువులు విసరకూడదు, ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ ముందు ఆ కోపం ఏం చెబుతోందో వినాలి కదా.

మెత్తబడిపోతారా?

మా స్టాఫ్ రూములో ఒక పెద్ద సారు ఉన్నారు. నా మాటలు విని, "ప్రతిదానికీ ఎట్లుంది, ఎట్లుంది అని అడగతా ఉంటే పిల్లోళ్లు మెత్తబడిపోరామ్మా? మమ్మల్ని ఎవరడిగినారు? మేం పెరగలా?" అన్నారు. ఆయన పిల్లలను ప్రేమగా చూసే మనిషి. ఈ మాటను నేను కొట్టిపారేయలేను.

ఆయన అనుమానానికి ఆధారాలూ ఉన్నాయి. బ్రిటన్‌లో 85 బడుల్లో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలతో పెద్ద ప్రయోగం చేశారు. కొన్ని బడుల్లో టీచర్ల చేత మైండ్‌ఫుల్‌నెస్, అంటే మనసును ఈ క్షణం మీద నిలపడం గురించిన పాఠాలు చెప్పించారు. 2022లో వచ్చిన ఫలితాల్లో, మామూలుగా నడిచిన బడుల పిల్లల కన్నా వీళ్ల మనసు కుదుటపడినట్టేమీ తేలలేదు. అంతకు చాలా ముందే, 2002లో, అమాండా రోజ్ అనే పరిశోధకురాలు పిల్లలను వాళ్ల స్నేహాల గురించి ప్రశ్నలు అడిగి ఒక సంగతి చెప్పింది. ఉన్న కష్టాన్నే ఇద్దరూ మళ్లీ మళ్లీ తవ్వుకుంటూ కూర్చుంటే స్నేహం గట్టిపడుతుంది, దాంతోపాటు దిగులూ కనిపిస్తుంది.

సారు చెప్పినదానికీ నేను చెబుతున్నదానికీ మధ్య దూరం ఆయన అనుకున్నంత లేదు. అడగడం, మళ్లీ అడగడం, ఏమీ చేయకుండా ఇంకోసారి అడగడం, ఇది పుండును గోకడమే. పిల్లలు మెత్తబడేది అందువల్ల. కువైట్ తల్లి కొడుకును నేను రోజూ కడుపు సంగతి అడిగి ఉంటే వాడికి రోజూ కడుపు తిరిగేది. ఒకసారి అడిగి, పని చేసి, తర్వాత బకెట్ ఇవ్వడం వల్లే వాడు నిలబడ్డాడు.

ఏదో ఒకటి చేయడం అంటే పిల్లలు అడిగిందల్లా ఇవ్వడం అని కూడా కాదు. మా నాలుగో తరగతి పిల్ల ఒకతి ఓ రోజు మధ్యాహ్న భోజనంలో గుడ్డు కూడా ముట్టలేదు. ఇంట్లో దూడను అమ్మేశారు. పాడి మీద బతికే ఇళ్లలో కోడెదూడను పెంచే స్తోమత ఎవరికుంటుంది? వాళ్ల నాన్న "రేపటికి మరచిపోతాది టీచర్" అన్నాడు. దూడను వెనక్కి తెమ్మని నేను అడగలేదు, అడిగినా జరగదు. ఎవరికి అమ్మారో పిల్లకు చెప్పమన్నాను. ఆ రాత్రి కూర్చోబెట్టుకుని చెప్పాడట, ఏ ఊరో, ఎవరు తీసుకెళ్లారో, ఎందుకు అమ్మాల్సి వచ్చిందో. దూడ రాలేదు. పిల్ల మర్నాడు అన్నం తినింది.

ర్యాంకుల జాబితా

ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో ఆనందం కోసం రోజూ ఒక పీరియడ్ పెట్టారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా పిల్లల మానసిక, సామాజిక ఎదుగుదల గురించి మాట్లాడింది. ఉద్దేశాలు మంచివే. తిరుపతిలో, చిత్తూరులో ఆ మాటలు ప్రైవేటు స్కూళ్ల కరపత్రాల్లోకీ ఎక్కాయి. ఒకే కరపత్రంలో పైన ఉద్వేగాల నిర్వహణ, కింద ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్.

పదకొండేళ్ల పిల్లాడికి వారం వారం పరీక్ష, సాయంత్రానికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పేర్లతో సహా ర్యాంకులు. వాడికి ఆదివారం రాత్రి కడుపు నొప్పి వస్తుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఏమీ లేదంటారు. అప్పుడు స్కూల్లో కౌన్సిలర్ పరీక్షకు ముందు పదిసార్లు లోతుగా గాలి పీల్చమంటాడు. ఆ పిల్లాడి కడుపు నొప్పి అబద్ధం కాదు, లోపం అంతకన్నా కాదు. టైంటేబుల్ గురించి వాడు తనకు తెలిసిన భాషలో రాసిన ఫిర్యాదు. పరీక్షలు రద్దు చేయమని నేనడగను. ర్యాంకులు గ్రూపులో పెట్టకుండా ఆ పిల్లాడి తల్లిదండ్రులకు మాత్రమే చెప్పడానికి పైసా ఖర్చు లేదు. తల్లిదండ్రులు పదిమంది కలిసి అడిగితే ఏ స్కూలైనా మారుస్తుంది. విడివిడిగా అడిగితే "మీ అబ్బాయే కొంచెం సెన్సిటివ్" అంటారు.

మన చేతిలో లేనప్పుడు

కొన్ని సంగతులు టీచరుకూ, తల్లికీ కూడా అందవు. వారాల తరబడి పిల్ల ఆటకు పోకపోవడం, నిద్ర, తిండి మారిపోవడం, అంతకు ముందు ఇష్టంగా చేసినవి వదిలేయడం, చచ్చిపోతే బాగుండు అని నవ్వుతూ అయినా అనడం. అలాంటప్పుడు మాటలతో సరిపెట్టుకోకూడదు. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి తీసుకెళితే నలుగురికీ తెలుస్తుంది, రేపు పిల్లకు సంబంధాలు రావు అని వెనకాడిన తల్లులతో నేను చాలాసార్లు మాట్లాడాను. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు, ఊరు అలాగే మాట్లాడుతుంది. వెళ్లడానికి కాళ్లు రానివాళ్ల కోసం 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ నడుస్తోంది. నంబరు 14416. పగలైనా రాత్రైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. పిల్లల గురించి ఏం అడగాలో తెలియక సతమతమయ్యే తల్లిదండ్రులూ దానికి ఫోన్ చేయవచ్చు.